సూరత్ ప్రజా రవాణా: బస్సు, రైలు, మెట్రో ఒక్క ప్రయాణంగా మారేదెన్నడు?

వజ్రాల సానకూ, సింథటిక్ వస్త్రాలకూ దేశంలో కేంద్రస్థానమైన సూరత్ నగరంలో ఇప్పుడు దాదాపు అన్ని రకాల రవాణా సాధనాలపైనా ఏకకాలంలో పని జరుగుతోంది. ప్రత్యేక మార్గాల్లో నడిచే బీఆర్‌టీఎస్ బస్సులు పుష్కర కాలంగా తిరుగుతున్నాయి. రెండు కారిడార్ల మెట్రో నిర్మాణంలో ఉంది. పాత రైల్వే స్టేషన్‌ను కూల్చి బహుళ రవాణా కేంద్రంగా పునర్నిర్మిస్తున్నారు. నగర శివారున అంత్రోలీ వద్ద బుల్లెట్ రైలు స్టేషన్ లేచింది. హజీరా రేవు నుంచి ఖంభాత్ సింధుశాఖ మీదుగా ఘోఘాకు ఓడ నడుస్తోంది. సాధనాలకు కొదవ లేదు. ఒకదానిలో దిగి మరొకదానిలో ఎక్కే వీలు ప్రయాణికుడికి ఎంతవరకు ఉంటుందన్నదే సూరత్ ముందున్న ప్రశ్న. తెలుగు రాష్ట్రాల నగరాలు కూడా ఇదే ప్రశ్నను ఎదుర్కొంటున్నందున సూరత్ అనుభవం పరిశీలించదగినది.

పెరిగిన నగరం, విడిపోయిన ఇల్లూ పనీ

2001 జనగణన నాటికి సూరత్ పట్టణ సముదాయ జనాభా సుమారు 28 లక్షలు. 2011 నాటికి అది 45.9 లక్షలకు చేరింది. దేశంలోని పెద్ద నగరాల్లో ఇంత వేగంగా పెరిగినవి అరుదు. 1994 నాటి ప్లేగు భయం, 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో వచ్చిన తాపీ వరద, ఈ రెండు విపత్తుల తర్వాత కూడా వలస ఆగలేదు. సౌరాష్ట్ర నుంచి వచ్చిన వజ్రాల పనివారు వరాఛా, కతార్‌గాం ప్రాంతాల్లో స్థిరపడ్డారు. ఒడిశాలోని గంజాం, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రలోని ఖాందేశ్ ప్రాంతాల నుంచి వచ్చినవారు ఉధ్నా, పాండేసరా, లింబాయత్ చుట్టుపక్కల మరమగ్గాల్లోనూ రంగుల మిల్లుల్లోనూ పనిచేస్తున్నారు.

తెలంగాణలోని కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి తరలివెళ్ళిన పద్మశాలీలు కూడా తరాలుగా అక్కడే ఉన్నారు. లింబాయత్ వీధుల్లో తెలుగు నేటికీ వినిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఒడియా, ఉర్దూ మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడపడం ఆ వలస ఎంత పాతదో చెబుతుంది. అహ్మదాబాద్, చెన్నై మధ్య నడిచే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్, వరంగల్, విజయవాడల మీదుగా పోతుంది. సొంతూరికి పోయివచ్చే తెలుగువారికి ఆ రైలు పేరు చిరపరిచితం.

మరమగ్గాల కార్మికుడు సాధారణంగా కార్ఖానాకు నడిచివెళ్ళేంత దూరంలో అద్దె గదిలో ఉంటాడు. పని 12 గంటల చొప్పున రెండు షిఫ్టుల్లో సాగుతుంది. అందువల్ల అతనికి చాలాకాలం బస్సు అవసరం పెద్దగా రాలేదు. అయితే నగరం బయటికి విస్తరించేకొద్దీ పరిస్థితి మారింది. రంగుల, ప్రాసెసింగ్ మిల్లులు పాండేసరా, సచిన్ పారిశ్రామిక వాడలకు చేరాయి. బట్టల టోకు వ్యాపారం రింగ్ రోడ్డు నుంచి సరోలీ వైపు పాకింది. వజ్రాల వ్యాపారం కోసం ఖజోద్ వద్ద డ్రీమ్ సిటీలో నిర్మించిన సూరత్ డైమండ్ బోర్స్ 2023 డిసెంబరు 17న ప్రారంభమైంది. 67 లక్షల చదరపు అడుగుల ఆ భవన సముదాయం నగరానికి నైరుతి కొసన ఉంటే, వజ్రాల పనితో బతికే వరాఛా ఈశాన్య దిక్కున ఉంది. ఇల్లూ పనీ మధ్య దూరం ఇలా పెరిగినప్పుడు పేదవానికి షేర్ ఆటో, కాస్త కలిగినవానికి ద్విచక్ర వాహనం దిక్కయ్యాయి. సూరత్ రోడ్లపై ఉదయం వేళ కనిపించే మోటారు సైకిళ్ళ వరద దాని ఫలితమే.

అనుసంధానం అంటే

రవాణా నిపుణులు ఈ మాటను కొంత విస్తృతార్థంలో వాడతారు. బస్టాపు పక్కన మెట్రో స్టేషన్ కట్టడం దానిలో మొదటి మెట్టు మాత్రమే. స్థలం కలవాలి, వేళలు కలవాలి, ఛార్జీ కలవాలి, సమాచారం కలవాలి. వీటన్నింటినీ నిర్ణయించే అధికారం ఒక చోట ఉండాలి. ఈ చివరిది లేకపోతే మిగతావి చాలాకాలం నిలవవని పలు నగరాల అనుభవం.

ప్రయాణికుని మనసులో కాలానికి లెక్క వేరు. బండిలో కూర్చుని గడిపే పది నిమిషాల కన్నా, ఎండలో నిలబడి బండి కోసం చూసే పది నిమిషాలు బరువు. వాహనం మారేందుకు నడిచే దూరాన్నీ, వేచివుండే సమయాన్నీ ప్రయాణికులు బండిలో గడిపే సమయంకంటే సుమారు రెండింతలుగా భావిస్తారని రవాణా ప్రణాళికల్లో సాధారణంగా లెక్కగడతారు. కోట్ల రూపాయలు పెట్టి రైలు వేగాన్ని పెంచి ఆదా చేసిన ఐదు నిమిషాలు, స్టేషన్ బయట రోడ్డు దాటడంలో పోతే ప్రయాణికుడికి మిగిలేదేమీ లేదు.

ఛార్జీ విషయంలో నష్టం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతి సాధనంలోనూ తొలి కిలోమీటర్లకు కనీస ఛార్జీ ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే భారం తగ్గుతుంది. ఒకే దూరాన్ని ఒకే బండిలో వెళ్ళినవాడు ఒక కనీస ఛార్జీ కడితే, బస్సు, మెట్రో, మళ్ళీ బస్సు ఎక్కినవాడు మూడుసార్లు కట్టవలసి వస్తుంది. నేరుగా బండి లేని శివారు కాలనీల్లో ఉండేవారే ఎక్కువసార్లు మారతారు. వారే సాధారణంగా తక్కువ ఆదాయం గలవారు. ఛార్జీలను కలపకపోవడం అంటే పేదల ప్రయాణంపై అదనపు పన్ను వేసినట్లే. జర్మనీలోని హాంబర్గ్ 1960ల్లోనే వేర్వేరు సంస్థల బస్సులు, రైళ్ళకు ఒకే టికెట్టు తెచ్చింది. సింగపూర్ 2010లో ఎన్ని వాహనాలు మారినా మొత్తం దూరాన్నిబట్టే ఛార్జీ తీసుకునే పద్ధతికి మారింది. లండన్‌లో 2003లో వచ్చిన ఆయిస్టర్ కార్డు ప్రఖ్యాతమే. అయితే ఆ కార్డు వెనుక అన్ని సాధనాలపై ఛార్జీలు నిర్ణయించే ఒకే సంస్థ, ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్, 2000లోనే ఏర్పడిందన్న సంగతి చాలామంది మరచిపోతారు. కార్డు కొనుక్కోవచ్చు, అధికారాన్ని ఎవరో ఒకరు వదులుకోవాలి.

బీఆర్‌టీఎస్‌తో తొలి అడుగు

సూరత్‌లో ఒకప్పుడు నగర బస్సులను రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ జీఎస్‌ఆర్‌టీసీ నడిపేది. నగరం పెరిగినంతగా బస్సులు పెరగలేదు. ఆ ఖాళీని షేర్ ఆటోలు భర్తీ చేశాయి. జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ పునరుద్ధరణ పథకం కింద బీఆర్‌టీఎస్ ప్రాజెక్టు చేపట్టాక, 2014 జనవరి 26న ఉధ్నా దర్వాజా, సచిన్ పారిశ్రామిక వాడల మధ్య తొలి మార్గం ప్రారంభమైంది. తొలి మార్గం వజ్రాల వీధినో, కొత్తగా వెలసిన సంపన్న కాలనీలనో కాక మిల్లు కార్మికుల దారిని ఎంచుకోవడం మంచి నిర్ణయం.

తర్వాతి సంవత్సరాల్లో ఈ జాలం 100 కిలోమీటర్లు దాటి, దేశంలోని అతి పొడవైన బీఆర్‌టీఎస్‌లలో ఒకటిగా పేరుపొందింది. రోడ్డు నడుమ స్టేషన్లు, బస్సు అంతస్తుతో సమానమైన ప్లాట్‌ఫారం, ఎక్కడానికి ముందే టికెట్టు, బస్సులకు వేరుగా కేటాయించిన దారి, ఇవన్నీ రైలు సౌకర్యాలను బస్సుకు తెచ్చే ఏర్పాట్లు. 1974లో బ్రెజిల్‌లోని కురితీబాలో మొదలైన ఈ ఆలోచనను భారతదేశంలో 2009లో అహ్మదాబాద్ జనమార్గ్ విజయవంతంగా అమలు చేసింది. మన విశాఖపట్నంలో అదే పథకం కింద పెందుర్తి, సింహాచలం మార్గాల్లో బీఆర్‌టీఎస్ రోడ్లు వేసినా, వాటికి తగిన బస్సు వ్యవస్థ రూపుదిద్దుకోలేదు. రోడ్డు వేరు, దానిపై నడిచే సేవ వేరు అనడానికి అంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

ఒక విషయంలో సూరత్ అహ్మదాబాద్ కన్నా మెరుగు. అహ్మదాబాద్‌లో జనమార్గ్‌కు ఒక సంస్థ, పాత నగర బస్సులకు ఏఎంటీఎస్ అనే మరో సంస్థ ఉన్నాయి. సూరత్‌లో బీఆర్‌టీఎస్‌నూ, తర్వాత వచ్చిన సిటీ బస్సులనూ నగరపాలక సంస్థ నెలకొల్పిన సూరత్ సిటీలింక్ లిమిటెడ్ ఒక్కటే చూస్తుంది. బస్సులు ప్రైవేటు ఆపరేటర్లవి. వారికి నడిపిన కిలోమీటర్ల లెక్కన చెల్లిస్తారు. టికెట్ల రాబడి, దానిలో హెచ్చుతగ్గుల భారం నగరపాలక సంస్థవి. ఈ పద్ధతిలో ఆపరేటరు ప్రయాణికుల కోసం పక్క బస్సుతో పోటీపడి పరుగెత్తనక్కరలేదు. మార్గాలు మార్చే స్వేచ్ఛ ప్రణాళికా విభాగానికి ఉంటుంది. సిటీ బస్సు లోపలి కాలనీల నుంచి జనాన్ని తెచ్చి బీఆర్‌టీఎస్ స్టేషన్ వద్ద దింపే ఏర్పాటు దీనివల్లే సాధ్యమైంది.

రెండింటికీ ఒకే కార్డు, ఒకే పాస్ కూడా వచ్చాయి. 'సూరత్ మనీ కార్డు'తో బస్సు ఛార్జీతో పాటు నగరపాలక సంస్థ ఇతర సేవలకూ చెల్లింపు జరపవచ్చు. ఒకరోజంతా బీఆర్‌టీఎస్, సిటీ బస్సుల్లో ఎన్నిసార్లయినా తిరిగేందుకు 25 రూపాయల 'సుమన్ ప్రవాస్' టికెట్టును ప్రవేశపెట్టారు. ఎన్నిసార్లు మారినా అదనంగా ఒక్క రూపాయి పడదు కనుక, ఇది పైన చెప్పిన ఛార్జీ సమస్యకు చవకైన, చక్కని జవాబు. కేంద్రం ఫేమ్-2 పథకం కింద మంజూరు చేసిన 150 విద్యుత్ బస్సులు కూడా ఈ వ్యవస్థలో చేరాయి. ఈపాటి ఏర్పాటు దేశంలోని చాలా మహానగరాల్లో నేటికీ లేదు.

మెట్రో రాకతో కొత్త చిక్కులు

ఇక మెట్రో సంగతి. కేంద్ర మంత్రివర్గం 2019 మార్చిలో ఆమోదించిన సూరత్ మెట్రోకు 2021 జనవరి 18న ప్రధాని నరేంద్ర మోదీ దృశ్యమాధ్యమం ద్వారా భూమిపూజ చేశారు. మొత్తం పొడవు 40.35 కిలోమీటర్లు, స్టేషన్లు 38, ఆమోదించిన వ్యయం 12,020 కోట్ల రూపాయలు. ఫ్రాన్సు, జర్మనీ ప్రభుత్వ అభివృద్ధి రుణ సంస్థలు అప్పు ఇస్తున్నాయి. సర్థానా నుంచి డ్రీమ్ సిటీ వరకు 21.61 కిలోమీటర్ల మొదటి కారిడార్‌లో 6.47 కిలోమీటర్లు భూగర్భంలో ఉంటుంది. కాపోద్రా నుంచి రైల్వే స్టేషన్, మస్కతీ ఆసుపత్రి మీదుగా చౌక్ బజార్ వరకు పాత నగరం కిందుగా ఈ సొరంగం వెళ్తుంది. భేసాన్ నుంచి సరోలీ వరకు 18.74 కిలోమీటర్ల రెండో కారిడార్ పూర్తిగా వంతెనలపైనే. రెండూ మజూరా గేట్ వద్ద కలుస్తాయి.

కారిడార్ల ఎంపికలో తర్కం ఉంది. మొదటిది వజ్రాల పనివారి నివాసాలను వజ్రాల వాణిజ్య కేంద్రంతో కలుపుతుంది. రెండోది తాపీ అవతలి అడాజణ్ ప్రాంతాన్ని సరోలీ బట్టల మార్కెట్లతో కలుపుతూ ఉధ్నా దర్వాజా, అంజనా ఫార్మ్, మోడల్ టౌన్‌ల మీదుగా లింబాయత్ చేరువగా వెళ్తుంది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న ప్రాంతానికి పట్టాల సేవ ఇంత దగ్గరగా రావడం ఇదే మొదటిసారి అవుతుంది.

చిక్కు ఎక్కడంటే, మెట్రోను నిర్మిస్తున్నది సిటీలింక్ కాదు. కేంద్ర, గుజరాత్ ప్రభుత్వాలకు సమాన వాటా గల గుజరాత్ మెట్రో రైల్ కార్పొరేషన్. ఇంతకాలం సూరత్‌కు వరంగా ఉన్న 'ఒకే యజమాని' స్థితి మెట్రో మొదటి రైలు కదిలిన రోజుతో ముగుస్తుంది. సర్థానా వైపు, ఉధ్నా దర్వాజా వద్ద బీఆర్‌టీఎస్ ఇప్పటికే ఉంది. మెట్రో వచ్చాక ఆ బస్సులు అదే దారిలో పోటీగా నడవాలా, లేక మెట్రో స్టేషన్లకు జనాన్ని చేర్చే అడ్డ మార్గాలకు మళ్ళాలా? కాగితంపై రెండోదే సరైన జవాబు. కానీ బస్సు కన్నా మెట్రో ఛార్జీ ఎక్కువగా ఉండి, నేరుగా వెళ్ళే బస్సును తీసివేస్తే, నిన్నటివరకు ఒక్క టికెట్టుతో పనికి వెళ్ళినవాడు నేడు రెండు కొనవలసి వస్తుంది. ఉమ్మడి ఛార్జీ ముందు రావాలి, మార్గాల మార్పు తర్వాత జరగాలి. ఈ వరుస తప్పితే జనం మెట్రోను కాదు, షేర్ ఆటోను వెతుక్కుంటారు.

2017 నాటి జాతీయ మెట్రో రైలు విధానం ఈ విషయాన్ని గుర్తించింది. మెట్రో కోరే ప్రతి నగరం స్టేషన్ల చుట్టూ 5 కిలోమీటర్ల పరిధికి అనుబంధ బస్సులు, నడక దారులు, సైకిల్ వసతుల ప్రణాళిక ఇవ్వాలనీ, ఉమ్మడి మహానగర రవాణా సంస్థను ఏర్పాటు చేస్తామని రాష్ట్రం హామీ ఇవ్వాలనీ షరతు పెట్టింది. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా వాహనాలను కాక మనుషులను తరలించడమే లక్ష్యమని చెప్పింది. 2019 మార్చి 4న అహ్మదాబాద్‌లో ఆవిష్కరించిన జాతీయ ఉమ్మడి ప్రయాణ కార్డు ఏ నగరంలోనైనా, ఏ సాధనంలోనైనా చెల్లేందుకు ఉద్దేశించినది. విధానాలకు లోటు లేదు. అయితే ఉమ్మడి కార్డు చెల్లింపును మాత్రమే సులభం చేస్తుంది, ఛార్జీని తగ్గించదు. రెండు టికెట్లకు రెండుసార్లు ఒకే కార్డు చూపడాన్ని అనుసంధానం అనలేం.

రైల్వే స్టేషన్ వద్ద మహా నిర్మాణం

ముంబై, అహ్మదాబాద్ ప్రధాన రైలు మార్గంలోని సూరత్ స్టేషన్ పశ్చిమ రైల్వేలో అత్యంత రద్దీ గలవాటిలో ఒకటి. వాపీ, వల్సాడ్, నవ్‌సారి, భరూచ్ నుంచి రోజూ వచ్చిపోయే ఉద్యోగులు, వ్యాపారులు వేలల్లో ఉంటారు. గుజరాతీలు వారిని 'అప్-డౌన్' చేసేవారంటారు. ముంబై వెళ్ళే ఫ్లయింగ్ రాణీ రైలు ఈ వర్గానికి ఎంత ఆత్మీయమైనదంటే, 2023లో దాని రెండంతస్తుల బోగీలను తొలగించినప్పుడు పాత ప్రయాణికులు వాటికి వీడ్కోలు పలికారు.

ఈ స్టేషన్‌నూ, పక్కనే ఉన్న జీఎస్‌ఆర్‌టీసీ బస్టాండునూ, నగర బస్సులనూ, మెట్రో భూగర్భ స్టేషన్‌నూ ఒక్క ప్రాంగణంగా కలపడమే బహుళ రవాణా కేంద్రం ఉద్దేశం. ఇందుకోసం సూరత్ సమగ్ర రవాణా అభివృద్ధి సంస్థ, క్లుప్తంగా సిట్కో, ఏర్పడింది. అందులో రైల్వేల పక్షాన 63 శాతం, జీఎస్‌ఆర్‌టీసీకి 34 శాతం, నగరపాలక సంస్థకు 3 శాతం వాటా ఉంది. ప్రాజెక్టు అంచనా సుమారు 1,477 కోట్ల రూపాయలు. ఇందులో రైల్వేలది 980 కోట్లు, గుజరాత్ ప్రభుత్వానిది 497 కోట్లు. తూర్పు, పడమర వైపుల రెండు స్టేషన్ భవనాలు, ప్లాట్‌ఫారాలపై విశాలమైన వేచివుండే ప్రదేశం, ప్రాంగణానికి నేరుగా చేర్చే ఎత్తైన రోడ్లు, బస్టాండును కలిపే నడక వంతెనలు ప్రణాళికలో ఉన్నాయి.

మూడు వేర్వేరు ప్రభుత్వ విభాగాలు తమ భూములను ఒకే సంస్థ కిందికి తేవడం మన దేశంలో అరుదైన పరిణామం. రైల్వే గోడ అవతల బస్టాండు, బస్టాండు గోడ అవతల ఆటోస్టాండు అన్నదే సర్వత్రా కనిపించే దృశ్యం. ఆ గోడల్ని కూల్చేందుకు చట్టబద్ధమైన కంపెనీ ఒకటి కావలసివచ్చింది. అయితే ప్రయాణికుడు స్టేషన్ దాటిన మరుక్షణం నుంచి అతని బాధ్యత వహించే నగరపాలక సంస్థ వాటా 3 శాతమే కావడం ఆలోచించదగినది. ఇలాంటి ప్రాంగణాల్లో వాణిజ్య స్థలం అమ్మకమో, లీజో పెట్టుబడిని రాబట్టే మార్గం. దుకాణాల అద్దె బాగా వచ్చే చోటూ, బస్సు ఆగవలసిన చోటూ తరచుగా ఒకటే. ఆ పోటీలో బస్సు తరఫున మాట్లాడేది ఎవరు?

పని జరుగుతున్న కాలంలోనే ఒక పాఠం బయటపడింది. ప్లాట్‌ఫారాలు మూసివేయవలసి రావడంతో పలు రైళ్ళ నిలుపుదలను తాత్కాలికంగా ఉధ్నా స్టేషన్‌కు మార్చారు. ఉధ్నా సూరత్‌కు దక్షిణాన, పారిశ్రామిక వాడల నడుమ ఉంది. రైలు స్టేషన్ కొన్ని కిలోమీటర్లు జరిగితే చాలు, అంతవరకు ప్రయాణికుడు నమ్ముకున్న బస్సు మార్గాలూ, ఆటో అడ్డాలూ అన్నీ మారిపోతాయి. రాత్రివేళ పెట్టెలతో, పిల్లలతో దిగినవారికి నగర బస్సు దొరుకుతుందా అన్నది రైల్వే కాలపట్టికలో ఉండదు, బస్సుల కాలపట్టికలో రైళ్ళ ప్రస్తావన ఉండదు.

అంత్రోలీ, విమానాశ్రయం, హజీరా

508 కిలోమీటర్ల ముంబై, అహ్మదాబాద్ హైస్పీడ్ రైలు మార్గంలో 12 స్టేషన్లు ఉంటాయి. వాటిలో సూరత్ స్టేషన్‌ను అంత్రోలీ వద్ద, ప్రస్తుత రైల్వే స్టేషన్‌కు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో నిర్మించారు. ఈ మార్గంలో తొలుత సూరత్, బిలిమోరాల మధ్య భాగాన్నే ప్రారంభించాలని ముందుగా సంకల్పించారు. గంటకు 320 కిలోమీటర్ల వేగంతో వచ్చిన ప్రయాణికుడు చివరి 10 కిలోమీటర్లకు గంటసేపు ట్రాఫిక్‌లో చిక్కుకుంటే ఆ వేగానికి అర్థం తగ్గిపోతుంది. మెట్రో రెండో కారిడార్ సరోలీ వద్ద ఆగిపోతుంది. అక్కడి నుంచి అంత్రోలీకి ఇంకా కొన్ని కిలోమీటర్లు మిగులుతాయి. ఠాణే, విరార్, సాబర్మతి స్టేషన్లతో పాటు సూరత్ స్టేషన్ పరిసరాల అభివృద్ధి ప్రణాళికకు జపాన్ సహకార సంస్థ జైకా తోడ్పడుతోంది. జపాన్‌లో రైల్వే కంపెనీలు స్టేషన్ చుట్టూ బస్సు ప్రాంగణం, మార్కెట్టు, ఇళ్ళు కలిపి కట్టే సంప్రదాయం పాతది. అది ఇక్కడ ఎంతవరకు నాటుకుంటుందో చూడాలి.

హజీరా సంగతి వేరు. 2020 నవంబరు 8న ప్రారంభమైన హజీరా, ఘోఘా రోపాక్స్ ఓడ సేవ, సుమారు 370 కిలోమీటర్ల రోడ్డు దూరాన్ని 90 కిలోమీటర్ల జలమార్గంగా కుదించింది. భావనగర్, అమ్రేలీ జిల్లాల నుంచి వచ్చి సూరత్‌లో ఉంటున్న లక్షలాది కుటుంబాలకు ఇది నిజమైన వరం. దీపావళికి వజ్రాల కర్మాగారాలు మూతపడినప్పుడు వరాఛా నుంచి సౌరాష్ట్రకు బయలుదేరే బస్సుల రద్దీ చూసినవారికి దాని విలువ తెలుస్తుంది. కానీ వరాఛా నగరానికి ఒక కొసన, హజీరా తాపీ అవతల మరో కొసన ఉన్నాయి. ఓడ ఎక్కేందుకు నగరమంతా దాటాలి. విమానాశ్రయం డుమాస్ రోడ్డు వైపు ఉంది. దానికి చేరువగా వెళ్ళే మెట్రో డ్రీమ్ సిటీ వద్దే నిలిచిపోతుంది.

షేర్ ఆటోను ఏం చేయాలి?

అధికారిక ప్రణాళికల్లో అతి తక్కువగా కనిపించేదీ, వీధుల్లో అతి ఎక్కువగా కనిపించేదీ షేర్ ఆటో. ప్రభుత్వ సహాయం లేకుండా, కాలపట్టిక లేకుండా, జనం ఎక్కడుంటే అక్కడికి అది పోతుంది. రద్దీకీ, ప్రమాదాలకూ అది కారణమన్న మాట నిజమే. అయితే సందుల్లోకి వెళ్ళగలిగేదీ, షిఫ్టు వదిలే వేళకు మిల్లు గేటు వద్ద నిలబడేదీ కూడా అదే. బస్సు మార్గం నుంచి ఆటోలను తరిమివేయడం కన్నా, వాటికి స్టేషన్ల వద్ద నిర్దిష్ట స్థలం, మార్గం, ఛార్జీ కల్పించి అనుబంధ సేవగా మార్చుకోవడం తెలివైన పని. ఆటోవాలా జీవనాధారమూ నిలుస్తుంది, మెట్రోకు ప్రయాణికులూ వస్తారు.

నడక గురించి ఒక మాట. ఏ సాధనం ఎక్కినా ప్రతి ప్రయాణం నడకతోనే మొదలై నడకతోనే ముగుస్తుంది. బీఆర్‌టీఎస్ స్టేషన్ రోడ్డు నడుమ ఉంటుంది కనుక ప్రతి ప్రయాణికుడూ సగం రోడ్డు దాటక తప్పదు. మెట్రో స్టేషన్ పైన ఉంటే మెట్లెక్కాలి. ఈ రెండింటినీ ఒకే వంతెనతో కలిపితే ఒక ఎక్కుడు, ఒక దిగుడు తప్పుతాయి. వృద్ధులకు, గర్భిణులకు, బట్టల మూటలతో తిరిగే చిన్న వ్యాపారులకు అది చిన్న విషయం కాదు.

తెలుగు నగరాల అద్దంలో

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2008లోనే హైదరాబాద్‌కు ఉమ్మడి మహానగర రవాణా సంస్థను ఏర్పాటు చేసింది. దేశంలో అలాంటి తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ రైళ్ళు, 2017 నవంబరులో మెట్రో వచ్చాయి. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వద్ద మెట్రో నుంచి దూరప్రాంతాల బస్సుకు మారడం నేడు సులభమే. అయినా మెట్రోకు, ఎంఎంటీఎస్‌కు, సిటీ బస్సుకు మొత్తం దూరాన్నిబట్టి ఒకే ఛార్జీ అన్నది రాలేదు. సంస్థ కాగితంపై ఉంటే చాలదు. మార్గాలనూ ఛార్జీలనూ నిర్ణయించే అధికారం, సొంత నిధి ఉండాలి. దీనికితోడు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. ఉచిత బస్సు, ఛార్జీ గల మెట్రో పక్కపక్కన నడిచేటప్పుడు ఉమ్మడి టికెట్టును ఎలా లెక్కగట్టాలన్నది విశాఖపట్నం, విజయవాడ మెట్రోల ప్రణాళికలు వేస్తున్నవారు కూడా ముందుగానే తేల్చుకోవలసిన అంశం.

చెన్నై నగరం ఉమ్మడి రవాణా సంస్థ చట్టాన్ని 2010లో చేసినా, బస్సు, మెట్రో, సబర్బన్ రైలు మూడింటికీ ఒకే యాప్‌లో టికెట్టు ఇచ్చే 'చెన్నై వన్' 2025 సెప్టెంబరులో గానీ రాలేదు. కొచ్చి 2023 ఏప్రిల్‌లో పడవలను మెట్రో వ్యవస్థలో భాగంగా ప్రవేశపెట్టింది. ఆ రెండు నగరాలకూ లేని అనుకూలత సూరత్‌కు ఉంది: మెట్రో రాకముందే బస్సులన్నీ ఒకే చేతి కింద, ఒకే పాస్ కింద ఉన్నాయి.

తొలి పరీక్ష

మెట్రోలో ముందుగా పూర్తిచేయాలని ఎంచుకున్న భాగం కాదర్శానీ నాల్ నుంచి డ్రీమ్ సిటీ వరకు 11.6 కిలోమీటర్లు. సొరంగ మార్గం లేనందున దీని నిర్మాణం సులభం. కానీ జనం కిక్కిరిసిన వరాఛా, రైల్వే స్టేషన్ ఇందులో లేవు. ఇంకా పూర్తిగా నిండని నైరుతి శివారే ఎక్కువ. ఈ భాగం ఒంటరిగా మొదలైతే రైళ్ళు ఖాళీగా తిరిగే ప్రమాదం ఉంది. దాన్ని నివారించగలిగేది సిటీలింక్ బస్సులే. వరాఛా, కతార్‌గాం నుంచి డైమండ్ బోర్స్‌కు వెళ్ళేవారిని, ఉధ్నా దర్వాజా నుంచి వచ్చేవారిని మజూరా గేట్ వద్ద మెట్రోకు అందించే బస్సులు, రైలు వేళలకు సరిపడా, తొలిరోజు నుంచే నడవాలి. రోజంతా చెల్లే టికెట్టును ఆ 11.6 కిలోమీటర్లకు విస్తరించవచ్చా, దానివల్ల వచ్చే రాబడి లోటును మెట్రో సంస్థ, నగరపాలక సంస్థ ఏ దామాషాలో పంచుకోవాలి అన్నది రైలు కదలకముందే కాగితంపై తేలవలసిన ఒప్పందం. బస్సు మార్గాల పునర్వ్యవస్థీకరణకు నెలలు పడుతుంది. ఆపరేటర్లతో కిలోమీటర్ల లెక్కన కుదిరిన కాంట్రాక్టులను సవరించాలి, స్టాపులు జరపాలి, మజూరా గేట్ కూడలిలో బస్సులు ఆగేందుకు చోటు చూడాలి.